చేపల తొట్టికి తోడు

ఇలా రా, నా పక్కన పడుకో. దుప్పటి కాళ్ళదాకా లాక్కో. పొద్దున్న మీ నాన్న చేపల తొట్టిలో నీళ్ళు కొంచెమే తీశాడని పేచీ పెట్టావు కదూ? "మొత్తం కడగాలి, తళతళలాడాలి" అని ఇల్లంతా ఎగిరావు కదూ? ఆ పేచీకి నా దగ్గర ఒక కథ ఉంది. ఊఁ కొడుతూ విను. నీ ఊఁ ఆగిందంటే నా కథా ఆగిపోతుంది, మరి చెప్పలేదనేవు.

అనగనగా ఒక ఊళ్ళో, కాలవ గట్టు పక్క వీధిలో, ఒకే గోడకి అటొక ఇల్లు, ఇటొక ఇల్లు. ఇటు ఇంట్లో అలివేలు ఉండేది. అటు ఇంట్లో గవరమ్మ ఉండేది.

అలివేలుకి శుభ్రం పిచ్చి. మంచి పిచ్చే అనుకో, అయినా పిచ్చి పిచ్చే. చెంబు తోమితే అందులో మొహం కనపడాలి. గచ్చు కడిగితే దాని మీద అన్నం పెట్టుకుని తినేలా ఉండాలి. ఆవిడ మొగుడు పరంధామయ్య వీధిలోంచి వస్తే చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, కడుక్కున్న కాళ్ళు తుడుచుకుని, అప్పుడు కూడా మునివేళ్ళ మీద నడిచేవాడు. పాపం, సొంత ఇంట్లో దొంగలాగా.

గవరమ్మ సంగతి వేరు. ఆవిడకి ఒళ్ళు బద్ధకం. ఇంటినిండా పిల్లలు, గోల. ఆరేసిన బట్టలు ఆరేసిన చోటే ఉండేవి, ఎవరికి కావలసింది వాళ్ళు తీగ మీంచి లాక్కుని తొడుక్కునేవాళ్ళు. పెరట్లో ఒక సిమెంటు తొట్టి ఉండేది. కట్టిన నాటినుంచి దాన్ని ఎవరూ కడిగిన పాపాన పోలేదు. నీళ్ళు తగ్గితే ఒక బకెట్టెడు పోసేది, అంతే. రాళ్ళకీ గోడలకీ పచ్చగా పాచి పట్టి ఉండేది. దోమపిల్లల్ని తింటాయని ఎవరో ఇచ్చిన చిన్న చిన్న చేపలు మాత్రం అందులో చిలకల్లా తిరుగుతుండేవి.

అలివేలు గోడ మీంచి ఆ తొట్టిని చూసినప్పుడల్లా ముక్కు చిట్లించేది. "అబ్బ, ఏం మనుషులో!" అనుకునేది.

గవరమ్మ ఇంట్లో పెరుగు మిగిలేది కాదు. పిల్లలు గిన్నె అడుగుదాకా ఊడ్చేసేవాళ్ళు. అందుకని రోజూ సాయంత్రం ఒక చిన్న గిన్నె పట్టుకుని గోడ దగ్గరికి వచ్చేది. "అలివేలమ్మా, ఒక చెంచాడు తోడు వెయ్యమ్మా" అనేది. తోడు అంటే తెలుసుగా నీకు? గోరువెచ్చని పాలల్లో కాస్త పెరుగు వేస్తాం చూడు, అదే. అది పడితేనే తెల్లారేసరికి పాలు పెరుగవుతాయి. పడకపోతే పాలు విరిగి కూర్చుంటాయి.

అలివేలు వేసేది. కానీ ఆవిడకొక పట్టింపు. సాయంత్రం దీపం పెట్టాక ఇంట్లోంచి పెరుగు బయటికి ఇవ్వకూడదని. ఒకరోజు గవరమ్మ కాస్త ఆలస్యంగా వచ్చింది. అప్పుడే అలివేలు దేవుడి దగ్గర దీపం వెలిగించి వెనక్కి తిరిగింది.

"దీపం పెట్టేశాను వదినా. ఇక రేపే" అంది.

"అయ్యో, ఇంకా చీకటైనా పడలేదే! సరేలే తల్లీ" అని గవరమ్మ ఖాళీ గిన్నెతో వెళ్ళిపోయింది. మర్నాడు ఆ పిల్లలు పచ్చడి మెతుకులు తిని బడికి వెళ్ళారు. పెరుగు చెంచాడు, అలివేలు పట్టింపు మాత్రం కుండెడు. ఈ మాట గుర్తుపెట్టుకో, మళ్ళీ వస్తుంది.

అలా ఉండగా అలివేలు ఇంటికి ఒక పిల్ల వచ్చింది. పేరు నీలవేణి. నీలు అనేవాళ్ళు. అలివేలు అక్క రంగనాయకి కూతురు. రంగనాయకి జబ్బు చేసి పోయింది. నీలు వాళ్ళ నాన్న లారీ నడిపే మనిషి, ఇవాళ ఒక ఊరు, రేపు ఒక ఊరు. పిల్లని ఎక్కడ ఉంచుతాడు? పిన్ని దగ్గర వదిలిపెట్టాడు. పిన్నికి పిల్లల్లేరు. తన అక్క పిల్లని చూడగానే అలివేలు గుండె నీరైపోయింది.

నీలు వెంట ఒక చేపల తొట్టి కూడా వచ్చింది. అది వాళ్ళమ్మ పెంచిన తొట్టి. అందులో మూడు బంగారు చేపలు. ఒకటి జిలేబీ, ఒకటి బూందీ, ఒకటి కాజా. రంగు చూసి వాళ్ళమ్మ పెట్టిన పేర్లు. దారంతా ఆ పిల్ల చేపలున్న బకెట్టుని ఒళ్ళో పెట్టుకుని, నీళ్ళు తొణక్కుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చుందట.

తొట్టిని కిటికీ పక్కన పెట్టారు. నీలు బడినుంచి రాగానే దాని ముందు చతికిలపడేది. పిన్నితో రెండు మాటలు మాట్లాడితే చేపలతో రెండొందలు మాట్లాడేది. మేత తనే వేసేది. మేత డబ్బా తన సంచీలో, బట్టల అడుగున దాచుకునేది. ఎవరినీ ముట్టనిచ్చేది కాదు.

అలివేలుకి ఆ పిల్లంటే ప్రాణం. గౌన్లు ఉతికి, ఇస్త్రీ చేసి, మడతలు పెట్టేది. జడలు రిబ్బన్లు కట్టి వేసేది. పలక కూడా కడిగి తుడిచి ఇచ్చేది. ఏం చేస్తుంది, ప్రేమ వచ్చినా ఆవిడకి కడగడమే తెలుసు. పిల్ల మాత్రం అన్నిటికీ తలూపి, మళ్ళీ వెళ్ళి చేపల ముందు కూర్చునేది. ఈ ఇల్లు నాది అన్నట్టు ఒక్కనాడూ కాళ్ళు చాపుకుని కూర్చోలేదు. అది చూసి అలివేలు వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకునేది.

ఊఁ అను మరి. ఆఁ, అలాగ.

ఉగాది దగ్గర పడింది. అప్పుడు నీలు వాళ్ళ నాన్న వచ్చి, "నానమ్మ పిల్లని చూడాలంటోంది, పండగనాటికి తెచ్చి దింపేస్తాను" అన్నాడు. నీలు బట్టలు సర్దుకుంది. ఆ తర్వాత కూర్చుని కాగితం ముక్కల్లో చిటికెడు చిటికెడు మేత పోసి, చిన్న చిన్న పొట్లాలు కట్టింది.

"రోజుకొకటి వెయ్యి పిన్నీ. ఎక్కువ వెయ్యకు" అంది. డబ్బా మాత్రం ఇవ్వలేదు. తనతో తీసుకెళ్ళిపోయింది. పిన్ని మీద నమ్మకం అంతే ఉంది, పొట్లానికి సరిపడా.

"అద్దానికి కాస్త పాచి పట్టింది, చూశావా? శుభ్రం చెయ్యనా?" అని అడిగింది అలివేలు.

"నేనొచ్చాక ఇద్దరం చేద్దాం పిన్నీ" అంది నీలు. లారీ ఎక్కి వెళ్ళిపోయింది.

పిల్ల మాట విని ఊరుకుంటే బాగానే ఉండేది. కానీ ఉగాదికి ఇల్లు దులపడం మొదలుపెడితే అలివేలు చెయ్యి ఆగుతుందా? బూజులు దులిపింది. అటకలు తుడిచింది. ఇత్తడి సామానంతా చింతపండు పెట్టి తోమింది. అన్నీ మెరుస్తున్నాయి, మధ్యలో చేపల తొట్టి ఒక్కటే మసగ్గా కనపడింది. "పిల్ల వచ్చేసరికి అద్దంలా చేసి పెడితే ఎంత మురిసిపోతుందో!" అనుకుంది. కొంగు బిగించింది.

ముందు చేపల్ని వలతో తీసి బకెట్టులో వేసింది. తొట్టిలో నీళ్ళన్నీ, ఒక్క చుక్క మిగలకుండా, కాలవలో పారబోసింది.

ఆ తర్వాత అడుగునున్న గులకరాళ్ళన్నీ పళ్ళెంలో పోసి, ఇత్తడి చెంబులకి మల్లే ఒక్కొక్కదాన్నీ చింతపండు పెట్టి తోమింది. తోమి, కడిగి, మళ్ళీ తోమింది. రాళ్ళు పంచదార చిలకల్లా తెల్లబడ్డాయి.

ఆ తర్వాత నీళ్ళని తిప్పే చిన్న మోటారుకి ఒక స్పాంజి ఉంటుంది చూడు, అది తీసింది. గోధుమరంగులో జిగురుగా ఉంది. "ఛీ, ఇదేం మురికి!" అంది. దాన్ని గిన్నెలో వేసి, సలసల మరిగే నీళ్ళు పోసి, పిండి ఆరేసింది.

మూడు పనులూ అయ్యాయి. అప్పుడే కుళాయి వచ్చింది. గుప్పుమని బ్లీచింగ్ వాసన. అలివేలుకి ఆ వాసనంటే ఇష్టం, శుభ్రానికి గుర్తు అనుకునేది. రాళ్ళూ స్పాంజీ మళ్ళీ సర్ది, బిందెలతో పట్టి తొట్టినిండా పోసి, చేపల్ని వదిలింది. తొట్టి ఉందో లేదో తెలియనంత తేటగా మెరిసింది. అలివేలు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి చూసి, "ఆహా" అనుకుంది.

ఆ ఆహా ఎంతోసేపు నిలవలేదు నాన్నా.

కాసేపటికే చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరిచి గుటకలు వేయడం మొదలుపెట్టాయి. ముట్టుకోబోతే చటుక్కున పారిపోయే జిలేబీ, వేలు పెట్టినా కదల్లేదు. మర్నాటికి నీళ్ళు బియ్యం కడిగిన కుడితిలా తెల్లబడ్డాయి. అద్దం తేటగానే ఉంది, లోపల నీళ్ళే మసక. ఆ తర్వాత రోజు కాజా అడుక్కి వెళ్ళి ఒక మూల ఒరిగి పడుకుంది. దాని తోక అంచు చీలికలు చీలికలుగా అయింది.

అలివేలు ఆ తోకనే చూస్తూ కూర్చుంది. అక్క పోయింది. అక్క చేతిమీద పెరిగిన ప్రాణాలు ఇవి. ఆ పిల్లకి అమ్మ గుర్తంటూ మిగిలినవి ఇవే. వచ్చి చూస్తే ఏం చెప్తుంది? "నీకోసం కడిగాను, చచ్చిపోయాయి" అని చెప్తుందా? ఆ పిల్ల ఇంక జన్మలో ఈ ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చుంటుందా?

పరంధామయ్య వచ్చి చూశాడు. "ఆకలేమోనే. రోజుకో చిటికెడు ఏ మూలకి?" అని, ఆవిడ వారించేలోపే రెండు మూడు పొట్లాలు విప్పి ఒకేసారి వేసేశాడు. పాపం, ఆయనకి వచ్చిన ప్రేమ అది. చేపలు ముట్టలేదు. మేతంతా నాని, అడుగున కుళ్ళి, నీళ్ళు ఇంకా పాడయ్యాయి.

అప్పుడు అలివేలు చేపలమ్మే దుకాణానికి పరిగెత్తింది. దుకాణం అతను అంతా విని, జాలిపడి, "పోతే పోనివ్వండమ్మా. అచ్చం ఇలాంటివే మూడు ఇస్తాను. పిల్లకేం తెలుస్తుంది?" అన్నాడు. సంచీలో మూడు బంగారు చేపల్ని పట్టి చూపించాడు. అదే రంగు, అదే తోక.

అలివేలు వాటికేసి చూసింది. ఒక్క క్షణం మనసు ఊగింది, అబద్ధం చెప్పడమెందుకు. పట్టుకెళ్ళి వేసేస్తే ఎవరికీ తెలియదు. కానీ జిలేబీ పేరు పెట్టి పిలిచినప్పుడు ఇది వస్తుందా? ఆ పిల్ల రోజూ దీనికి తన కబుర్లు చెప్పుకుంటుంటే, తను పక్కన కూర్చుని వింటూ ఉండగలదా? "వద్దు బాబూ" అని వెనక్కి తిరిగింది.

ఇంటికొచ్చేసరికి సాయంత్రమైంది. గోడ దగ్గర గవరమ్మ గిన్నెతో నిలబడి ఉంది. అలివేలు లోపలికి వెళ్ళి, ఒక చెంచాడు పెరుగు తెచ్చి గిన్నెలో వేసింది. కళ్ళనిండా నీళ్ళు.

"ఏమైందే తల్లీ?" అంది గవరమ్మ.

అలివేలు అంతా చెప్పింది. నీళ్ళు పారబోసిందీ, రాళ్ళు తోమిందీ, స్పాంజి మరిగించిందీ, అన్నీ.

గవరమ్మ నవ్వేసింది. "నా చేపలకేం రోగం రాదమ్మా. కడిగితే కదా రావడానికి! నా బద్ధకమే వాటికి రక్ష" అని గిన్నె పట్టుకుని వెళ్ళబోయింది. ఆవిడకేం పెద్ద తెలిసి అనలేదు, ఊరికే తన మీద తనే వేళాకోళం చేసుకుంది.

అలివేలు మాత్రం గోడ దగ్గరే నిలబడిపోయింది. గవరమ్మ చేతిలో గిన్నె కనపడుతోంది. గిన్నె అడుగున చెంచాడు పెరుగు. ఆ చెంచాడు పడకపోతే తెల్లారి పెరుగు లేదు. పెరుగు కుండని ఎంత శుభ్రంగా తోమినా, తోడు కోసం కాస్త తీసి పక్కన ఉంచుకునే కదా తోముతారు? తను తొట్టిలో ఏం ఉంచింది? పాత నీళ్ళు లేవు. రాళ్ళకున్న జిగురు లేదు. స్పాంజిలో గోధుమరంగు మురికి లేదు. అది మురికి కాదేమో! చేపల పెంట విరిచి, నీళ్ళని మంచిగా ఉంచేది అదేనేమో! కంటికి కనపడని ఆ తోడుని తను సలసల మరిగే నీళ్ళు పోసి మరీ చంపేసింది. ఏమైనా మిగిలి ఉంటే దాన్ని ఆ బ్లీచింగ్ నీళ్ళు చంపేశాయి.

ఇంట్లోకి పరిగెత్తింది. తొట్టి చూసింది. కాజా ఇంకా మొప్పలు ఆడిస్తోంది, మెల్లగా. ఇంక ఆగడానికి లేదు. పళ్ళెం ఒకటి పట్టుకుని గుమ్మం దాటింది. దాటి, టక్కున ఆగిపోయింది.

గవరమ్మ ఇంట్లో దీపం పెట్టేశారు. కిటికీలోంచి వెలుగు కనపడుతోంది.

గుర్తుందా నేను చెప్పింది? ఆఁ, అదే. ఆవేళ ఖాళీ గిన్నెతో వెనక్కి పంపించింది ఎవరు? ఇప్పుడు దీపం పెట్టాక చెయ్యి చాపడానికి వచ్చింది ఎవరు? అలివేలుకి సిగ్గుతో తల వంగిపోయింది. అయినా వెళ్ళింది. ప్రాణం మీదికి వచ్చాక పట్టింపు ఏం చేస్తుంది?

"వదినా" అంది గుమ్మంలో నిలబడి. "దీపం పెట్టేశావు. నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను. నీ తొట్టిలోంచి కాస్త పాచి, రెండు రాళ్ళు ఇస్తావా? నా చేపలకి తోడు కావాలి."

గవరమ్మ ఆవిడ మొహంలోకి చూసింది. ఏమైనా అనాలంటే అనొచ్చు. ఆవేళ్టి మాట తీసి దెప్పాలంటే దెప్పొచ్చు. కానీ ఆ మహాతల్లికి కోపం దాచుకోవడానికి కూడా బద్ధకమే.

"పాచికి కూడా పట్టింపులేంటే పిచ్చిదానా, పద!" అంది.

చీర పైకి దోపుకుని తొట్టిలో చెయ్యి పెట్టింది. పచ్చగా జారిపోయే రాళ్ళు తీసింది. పాచి పట్టిన పెంకు ముక్కలు తీసింది. అడుగున నానుతున్న కొబ్బరి పీచు గుప్పెడు తీసింది. మూడూ అలివేలు పళ్ళెంలో పెట్టింది. పైన రెండు చెంబులు ఆ తొట్టి నీళ్ళు పోసింది. ఎన్నేళ్ళుగానో ముక్కు చిట్లించిన పాచిని అలివేలు రెండు చేతులతో, పసిపిల్లని ఎత్తుకున్నట్టు పట్టుకుని ఇంటికి తెచ్చుకుంది.

అప్పుడు, ముందు కుళ్ళిన మేతంతా గొట్టంతో లాగేసింది. దాంతోపాటు నీళ్ళు కొన్నే తీసింది. వంటింటి మూల ఇత్తడి గంగాళంలో నిన్నటి నీళ్ళు మూత లేకుండా ఉన్నాయి. వాసన చూసింది. బ్లీచింగ్ వాసన లేదు, ఎగిరిపోయింది. ఆ నీళ్ళు మెల్లగా పోసింది. రాళ్ళూ పెంకులూ అడుగున సర్దింది. కొబ్బరి పీచుని ఆ తెల్లబడ్డ స్పాంజి పక్కన పెట్టి, పీచు పిండిన మడ్డినీళ్ళు స్పాంజి మీదే పోసింది. తన చేతులతో, తన తొట్టిలో, మడ్డినీళ్ళు! పరంధామయ్య కళ్ళు నులుముకుని మరీ చూశాడు.

మర్నాడు గవరమ్మ వచ్చి చూసి, "లేచిందా?" అని అడిగింది. కాజా లేవలేదు.

ఆ మర్నాడూ వచ్చి, "లేచిందా?" అంది. లేవలేదు. అలివేలు రోజూ కాసిని నీళ్ళు తీసి, కాసిని నిలవ నీళ్ళు పోస్తూనే ఉంది. పండగకి పిండివంటల సంగతే మర్చిపోయింది. తొట్టి పక్కన చాప వేసుకుని కూర్చుని, "కాజా, లేమ్మా. మీ నీలు వస్తుంది" అని దానితో కబుర్లు చెప్పేది. నీలు చేపలతో ఎందుకు మాట్లాడేదో ఆవిడకి అప్పుడు తెలిసింది. చెప్పుకోవాల్సింది కడుపునిండా ఉన్నప్పుడు, ఎదురు ప్రశ్న వెయ్యకుండా వినేవాళ్ళు ఎవరైనా ఉంటే ఎంత హాయో!

ఆ తర్వాత ఒక పొద్దున్న గవరమ్మ వచ్చి, "లేచిందా?" అని అడిగింది. అలివేలు తొట్టికేసి చూపించింది. నీళ్ళు తేరుకున్నాయి. గవరమ్మ ఇచ్చిన పెంకు మీద పాచిని కాజా నోటితో పొడుస్తోంది. తోక చీలికలు అలాగే ఉన్నాయి, కానీ ఊపుతోంది. అలివేలు గవరమ్మని వాటేసుకుని ఏడ్చింది. వంటచేసే చేతులతో గవరమ్మ ఆవిడ వీపు నిమిరితే జాకెట్టు మీద పసుపు మరక పడింది. పడితే పడనీ అని ఊరుకుంది అలివేలు. అదీ విశేషం!

నిద్రొస్తోందా? ఇంక కాస్తే ఉంది.

ఉగాదినాడు పొద్దున్నే లారీ వచ్చి వీధిలో ఆగింది. నీలు దూకి లోపలికి పరిగెత్తుకొచ్చింది, చెప్పులతో సహా. అలివేలు ఏమీ అనలేదు. పిల్ల తొట్టి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. అద్దానికి మొహం ఆనించింది. తెల్లటి రాళ్ళు చూసింది. మధ్యలో ఎవరివో పచ్చటి పెంకులు చూసింది. కాజా తోక చూసింది.

అలివేలు దగ్గరికి వచ్చింది. పక్కన కూర్చుని, ఒక్క మాట దాచకుండా చెప్పింది. "నువ్వు వద్దన్నా కడిగాను తల్లీ. నీకు బాగుంటుందని కడిగాను. నావల్లే జబ్బు పడ్డాయి. గవరమ్మత్త పాచి ఇచ్చి బతికించింది. తప్పయిపోయింది."

నీలు తల తిప్పి పిన్నిని చూసింది.

"అమ్మ కూడా ఒకసారి ఇలాగే కడిగేసింది పిన్నీ" అంది. "రాళ్ళకి చింతపండు పెట్టింది. చెంబులు తోమినట్టు. అచ్చం నీలాగే ఏడ్చింది కూడా."

అలివేలు తన చేతులకేసి చూసుకుంది. చిన్నప్పుడు అక్కా తనూ ఒకే గట్టు మీద కూర్చుని చెంబులు తోమేవాళ్ళు. ఎవరి చెంబులో మొహం బాగా కనిపిస్తే వాళ్ళు గెలిచినట్టు. అక్క ఎక్కడికీ పోలేదనిపించింది. ఈ చేతుల్లోనే ఉందనిపించింది. చింతపండు పిసికే వేళ్ళల్లో. అక్క కోసం ఎన్నాళ్ళనుంచో ఆగిపోయిన ఏడుపు అప్పుడు వచ్చింది, నవ్వూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ఎలా ఉంటుందో నీకింకా తెలియదులే.

అప్పుడు నీలు లేచి తన సంచీ విప్పింది. బట్టల అడుగునుంచి మేత డబ్బా తీసింది. తెచ్చి పిన్ని చేతిలో పెట్టింది.

"ఇంక పొట్లాలు కట్టను. నువ్వే వెయ్యి" అంది.

అని, గోడకి జారగిలబడి, తొట్టి ముందు కాళ్ళు రెండూ బారజాపుకుని కూర్చుంది. మట్టి కాళ్ళు. కడిగిన గచ్చు మీద. అలివేలు ఆ కాళ్ళని చూసి మురిసిపోయి, డబ్బా మూత తీసి, ఒకే ఒక్క చిటికెడు వేసింది. జిలేబీ వచ్చింది. బూందీ వచ్చింది. ఆఖర్న, చీలిన తోక ఊపుకుంటూ కాజా కూడా వచ్చింది.

ఆ సాయంత్రం అలివేలు పట్టుచీర కట్టుకుంది. పళ్ళెంలో పసుపూ కుంకుమా, తాంబూలం, గడ్డపెరుగు కుండ పెట్టుకుని, నీలుని వెంటబెట్టుకుని గవరమ్మ ఇంటికి వెళ్ళింది. దీపం పెట్టాకే, కావాలనే వెళ్ళింది.

"ఇదేం వాయనమే? ఇవాళేం నోము?" అని గవరమ్మ ఆశ్చర్యపోయింది.

"చేపల నోము వదినా. ఇస్తినమ్మ వాయనం" అంది అలివేలు.

గవరమ్మ నవ్వాపుకుంటూ కొంగు పట్టి, "పుచ్చుకుంటినమ్మ వాయనం" అంది. పిల్లలంతా పెరుగు కుండ చుట్టూ మూగారు.

అప్పటినుంచి ఆ ఇంట్లో తొట్టి శుభ్రం ఎలా చేసేవాళ్ళో తెలుసా? వారానికొకసారి పిన్నీ, నీలూ కలిసి కూర్చునేవాళ్ళు. కొన్ని నీళ్ళే తీసేవాళ్ళు. స్పాంజిని ఆ తీసిన పాత నీళ్ళలోనే ముంచి ఒకసారి పిండేవాళ్ళు, కుళాయి కింద పెట్టేవాళ్ళు కాదు. అద్దం మీద పాచిని ముందువైపు మాత్రం తుడిచి, వెనకవైపు ఉంచేసేవాళ్ళు. ముందురోజు పట్టి ఉంచిన నీళ్ళు మెల్లగా పోసేవాళ్ళు. పాత నీళ్ళు పారబోసేవాళ్ళు కాదు, గవరమ్మ పెరట్లో కరివేపాకు మొక్కకి పోసేవాళ్ళు. అది ఏపుగా పెరిగి గోడ దాటి ఇటు కొమ్మలు వేసింది. అటూ ఇటూ రెండిళ్ళ పోపుల్లోకీ అదే కరివేపాకు.

తోడు కోసం గవరమ్మ ఎప్పుడొచ్చినా, దీపం ముందొచ్చినా దీపం తర్వాతొచ్చినా, అలివేలు చెంచా పట్టుకుని ఎదురు వెళ్ళేది.

చూశావా, మీ నాన్న నీళ్ళు కొంచెమే ఎందుకు తీశాడో? రేపు లేవగానే నాన్న దగ్గరికి వెళ్ళి మెడ చుట్టూ చేతులు వెయ్యి. మాటేం చెప్పక్కర్లేదు, ఆయనకి తెలుస్తుంది. ఇప్పుడు కళ్ళు మూసుకుని నా వెనకాల అను:

పాలకేమో తోడు, పొద్దున్నే చూడు,
తొట్టికేమో తోడు, పెంకు మీద చూడు,
ఇచ్చినమ్మ చల్లగా, పుచ్చుకున్నమ్మ చల్లగా,
జిలేబీ, బూందీ, కాజా నీళ్ళల్లో మెల్లగా,
కరివేపాకు గోడ దాటి ఇంటింటికి,
కథ దారి పట్టింది కంచికి,
అమ్మమ్మా, నువ్వూ మనింటికి,
నిదరమ్మ వచ్చింది కంటికి.